వంత పాడేవాళ్ళ పాట

మొన్న మా ఇంటి వాట్సాప్ గ్రూపులో బాబాయి ఒక వీడియో పెట్టాడు. ఎక్కడో మంచు కురుస్తున్న ఊరు. రష్యానో, పోలండో. బొంతల్లాంటి కోట్లు తొడుక్కున్న పదిహేను మంది తెల్లవాళ్ళు మెళ్ళో మృదంగాలు వేసుకుని హరేకృష్ణ పాడుకుంటూ వీధిలో పోతున్నారు. ఒకావిడ తాళాలు వాయిస్తూ గిర్రున తిరుగుతోంది. కింద బాబాయి వ్యాఖ్య: “ప్రపంచమంతా మన దారికే వస్తోంది. విలువ తెలియంది మనకే.” దాని కింద చుట్టాలందరి దండాల బొమ్మలు వరసగా.

నేను నోరు మూసుకుని ఊరుకోవాల్సింది. “మన దారికి రావడం కాదు బాబాయ్, వాళ్ళకి వంత పాడే చోటు దొరికింది, అంతే” అని రాశాను. పది నిమిషాల్లో ఫోన్. “భగవన్నామాన్ని పట్టుకుని వంత అంటావేంట్రా? చదువుకున్నావు, ఏం లాభం?” అన్నాడు. నేను చెప్పబోయాను, ఆయన వినలేదు. ఆయన చెప్పాడు, నేను వినలేదు. ఫోన్లో తేలే సంగతి కాదని ఇక్కడ రాస్తున్నాను. బాబాయ్, లింకు నీకే ముందు పంపిస్తా.

ముందు ఆ మాట సంగతి. వంత పాడటం అంటే మనకి తిట్టు. మంత్రిగారు ఏదంటే దానికి తలూపే అధికారిని వంత పాడుతున్నాడంటాం. అత్తగారి మాటకి ఆడపడుచు వంత పాడిందంటాం. సొంత బుర్ర లేనివాడని అర్థం. కానీ బుర్రకథ చూసినవాళ్ళకి తెలుసు, కథకుడికి అటొకడూ ఇటొకడూ నిలబడే వంతలు లేకపోతే కథే లేదు. ఆ ఇద్దరూ “తందాన తాన” అని అందుకుంటేనే కథకుడికి ఊపిరి తిరుగుతుంది. వాళ్ళే హాస్యం ఆడతారు, రాజకీయం మాట్లాడతారు, కథకుణ్ణి ప్రశ్నలడిగి నిలదీస్తారు కూడా. నేను వంత అన్నది ఆ అర్థంలో. ప్రపంచం చెవినపడి నిలిచింది మన పాట కాదు, మన వంత. ఈ వ్యాసం మొత్తం ఈ ఒక్క ముక్క కోసమే.

మా ఊరు రేపల్లె వైపు. రామాలయంలో ఏటా మాఘమాసంలో ఏకాహం చేసేవారు. ఇవాళ సూర్యోదయం నుంచి రేపు సూర్యోదయం దాకా నామం తెగకూడదు. చుట్టుపక్కల ఊళ్ళ భజన బృందాలకి గంటల లెక్కన వంతులు రాసి, ఆ కాగితం గుడి స్తంభానికి అంటించేవారు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా వంతు కోసం కొట్లాట. ఆడవాళ్ళుంటారు, ఊరి పెద్దలుంటారు, మైకు నాలుగు వీధులకీ వినపడుతుంది. తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు వంతు మటుకు ఎవరికీ అక్కర్లేదు. అది మా తాతయ్యకీ, ఆయన బతిమాలి పట్టుకొచ్చిన వాళ్ళకీ.

నాకు పదకొండో పన్నెండో ఏళ్ళప్పుడు ఆ వంతులో కూర్చున్నాను. గుడిలో ఆరుగురం. హార్మోనియం ముందున్నాయన పగలు టైలరు. మద్దెల మీద పాలకేంద్రంలో పనిచేసే కుర్రాడు. ఇద్దరు ముసలాళ్ళు, తాతయ్య, నేను. తాతయ్యకి శ్రుతి అంటే ఏమిటో జన్మలో తెలియదు. గట్టిగా పాడటం, ఇంకా గట్టిగా పాడటం, ఈ రెండే ఆయనకి తెలిసిన స్థాయిలు. మూడు దాటాక ముసలాళ్ళిద్దరూ గోడకి జారబడి నోళ్ళు తెరిచారు. కాసేపటికి టైలరు తల కూడా వాలిపోయింది. విచిత్రం ఏమిటంటే ఆయన ఎడం చెయ్యి తిత్తిని ఊపుతూనే ఉంది. కుడిచేతి వేలు ఒకే మెట్టు మీద ఆగిపోయింది. ఒక్క స్వరం గుయ్యిమంటూ అలా సాగుతోంది.

తాతయ్య “హరే రామ హరే రామ” అని ఎత్తుకుని, అలవాటుగా ఆపాడు. నలుగురైదుగురు అందుకోవాల్సిన చోట ఎవరూ లేరు. మద్దెల కుర్రాడు నా వైపు చూశాడు. నేను అందుకున్నాను. గొంతు చీరుకుపోయేట్టు అరిచాననే చెప్పాలి. తాతయ్య కళ్ళు తెరవకుండానే తర్వాతి ముక్క ఎత్తుకున్నాడు. అరగంట సేపు ఆ గుడిలో నామం మా ఇద్దరి గొంతుల మీదే నడిచింది. నిజం చెప్పొద్దూ, భక్తి లాంటిదేమీ కలగలేదు. నేను ఆపితే తెగిపోతుందన్న టెన్షన్ ఒక్కటే. కానీ పన్నెండేళ్ళ పిల్లాడి మీద ఒక ఊరి పని ఆధారపడటం అదే మొదటిసారి. ఆ రుచి నాలుక మీద ఇప్పటికీ ఉంది.

అప్పుడు తెలియలేదు కానీ, భజన అనేది మహా తెలివిగా కట్టిన కట్టడం. ముందు పాడేవాడు ఒక ముక్క పాడతాడు. అందులో మాటలు నాలుగో అయిదో, అవీ ఎక్కువగా పేర్లే. రామ, కృష్ణ, గోవింద, పాండురంగ. నోరు తెరిస్తే వచ్చే అచ్చులు, నాలుక మెలిపడే చోటు తక్కువ. ఆ ముక్కని మీరు పది సెకన్లు గుర్తుంచుకుంటే చాలు, వెంటనే తిరిగి అప్పజెప్పేస్తారు. ఆయన రెండో ముక్క పాడేటప్పుడు మీకు ఊపిరి తీసుకునే తీరిక. తప్పు పాడితే అది పక్కవాడి గొంతులో కొట్టుకుపోతుంది. ఎప్పుడొచ్చి కూర్చున్నా చేరిపోవచ్చు, మధ్యలో లేచెళ్ళి మంచినీళ్ళు తాగిరావచ్చు. మాట మారదు, వరస మారుతుంది, నడక మారుతుంది. నింపాదిగా మొదలైంది కాస్తా రెండో కాలంలో పడుతుంది, చప్పట్లు దానంతటవే వస్తాయి, ఇంకా ఇంకా వేగం పెరిగి ఒక్కసారిగా ఆగుతుంది. ఆగాక ఉండే ఆ రెండు క్షణాల నిశ్శబ్దం కోసమే కొందరు వస్తారని నా అనుమానం.

కచేరీలో ఇదేదీ లేదు. కచేరీ గొంతున్నవాడి కోసం కట్టింది. అక్కడ మన పని తల ఊపడం, తాళం వేస్తున్నట్టు నటించడం. భజనని ఎవరు కనిపెట్టారో తెలియదు కానీ, గొంతు లేనివాడి కోసం కనిపెట్టారు.

సరే, లండన్ సంగతి. పదేళ్ళ కిందట ప్రాజెక్టు పని మీద అక్కడ ఒక ఏడాది ఉన్నాను. ఒక శనివారం సాయంత్రం ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో నడుస్తుంటే ఎదురుగా హరేకృష్ణ బృందం. పిలకలు, కాషాయ పంచెలు, కింద స్పోర్ట్స్ బూట్లు. నేను వెంటనే రోడ్డు దాటి అటువైపుకి వెళ్ళిపోయాను. ఎందుకంటే సిగ్గేసింది. మన ఇంట్లో కట్టుకునే పాత లుంగీని ఎవరో తీసుకెళ్ళి నడివీధిలో ఆరేసినట్టు. చుట్టూ ఉన్నవాళ్ళు నా మొహం చూసి “నీవాళ్ళే కదా” అనుకుంటారేమోనని. అటువైపు పేవ్‌మెంట్ మీద వంద గజాలు నడిచాక గమనించాను, నా అడుగు వాళ్ళ మృదంగం లెక్కకే పడుతోంది.

తర్వాత ఆఫీసులో ఒకతను పిలిస్తే ఒక యోగా కేంద్రంలో కీర్తన్‌కి వెళ్ళాను. అక్కడ వాళ్ళు ‘కీర్తన్’ అనే అంటారు. చెప్పులు బయట, మేజోళ్ళతో నేల మీద దిండ్లు వేసుకుని నలభై మంది. ఇంగ్లిష్ అక్షరాల్లో అచ్చేసిన కాగితాలు పంచారు. గడ్డపాయన హార్మోనియం తీశాడు. ‘హరే’ అతని నోట్లో ‘హ్యారీ’కి దగ్గరగా ఉంది. నవ్వొచ్చింది, ఆపుకున్నాను. నా పక్కన యాభై ఏళ్ళావిడ, సిటీ బస్సు డ్రైవరు, యూనిఫాం మీదే వచ్చింది. మొదటి పాట అంతా పెదాలు మాత్రం కదిపింది. రెండోదానికి గొంతు వచ్చింది, సన్నగా, కాస్త పక్కకి. టీ తాగేటప్పుడు చెప్పింది. తొమ్మిదేళ్ళప్పుడు బళ్ళో పాటల టీచరు “నువ్వు పెదాలు కదుపు, శబ్దం మాత్రం చెయ్యకు” అన్నదట. అప్పట్నుంచి నలభై ఏళ్ళు, సొంత కూతురి పుట్టినరోజుకి కూడా పాడలేదు. “ఇక్కడ ఎవరూ వినరు, అందరూ పాడుతుంటారు” అంది.

ఆవిడకి కృష్ణుడెవరో తెలియదు. తెలుసుకోవాలన్న ఆత్రం కూడా కనపడలేదు. మా తాతయ్య గుర్తొచ్చాడు. ఆయన్ని ఆ పాటల టీచరు చేతిలో పెడితే ఏమయ్యేవాడో.

బాబాయి అంటాడు, స్వాములు వెళ్ళి తత్త్వం బోధించారు కాబట్టే వాళ్ళు మారారని. చరిత్ర చూద్దాం. భక్తివేదాంత స్వామి ప్రభుపాదులు 1965లో తన 69వ ఏట ‘జలదూత’ అనే సరుకు ఓడెక్కి కలకత్తా నుంచి అమెరికా వెళ్ళారు. పెట్టెల నిండా పుస్తకాలు తీసుకెళ్ళారు. మరుసటేడు జులైలో న్యూయార్క్ సెకండ్ అవెన్యూలో ఒక పాత దుకాణంలో ఇస్కాన్ అనే ఈ హరేకృష్ణ సంస్థ పెట్టారు. దాని పైన ‘మ్యాచ్‌లెస్ గిఫ్ట్స్’ అన్న పాత బోర్డు అలాగే ఉండేది. అక్కడ గీత చెప్పారు, ఉపన్యాసాలిచ్చారు. జనం నోట పడింది మాత్రం 1966 అక్టోబరులో, టాంప్‌కిన్స్ స్క్వేర్ పార్కులో ఒక ఎల్మ్ చెట్టు కింద కూర్చుని నామం ఎత్తుకున్నప్పుడు. దారిన పోయేవాళ్ళు చేరారు. కవి ఆలెన్ గిన్స్‌బర్గ్ వచ్చి కలిశాడు. ఆ చెట్టు దగ్గర ఇప్పుడు నగరపాలకులు పెట్టిన ఫలకం ఉంది. పాట మొదలైన చోటికే ఫలకం పెట్టారు బాబాయ్, ఉపన్యాసం చెప్పిన చోటికి కాదు.

మూడేళ్ళు తిరిగేసరికి, 1969లో, బీటిల్స్ అనే ఇంగ్లిష్ పాటల బృందంలోని జార్జ్ హారిసన్ దగ్గరుండి తీయించిన రికార్డు ఒకటి వచ్చింది. లండన్ గుడిలోని భక్తులు పాడిన హరేకృష్ణ మంత్రం. అది బ్రిటన్ పాటల పట్టికలో 12వ స్థానం దాకా ఎక్కింది. అందులో కథ లేదు, నాయిక లేదు, చరణాలు లేవు. పదహారు నామాలు, ముప్ఫై రెండు అక్షరాలు, పదేపదే. మా ఏకాహంలో పాడేదీ ఇదే. మా దగ్గర రాముడు ముందు, వాళ్ళ దగ్గర కృష్ణుడు ముందు, తేడా అంతే.

ఈ నామసంకీర్తనని వీధిలోకి తెచ్చిన చైతన్యుడు (1486–1534) బెంగాలు వాడే అయినా, దక్షిణ యాత్రకి వచ్చినప్పుడు మన గోదావరి ఒడ్డున, కొవ్వూరులో, రామానందరాయలనే ఆయన్ని కలిశాడని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. రామానందరాయలు ఒరిస్సా గజపతుల తరఫున రాజమహేంద్రవరం ఏలిన అధికారి. ఇద్దరూ రాత్రుళ్ళు కూర్చుని భక్తి గురించి మాట్లాడుకున్న మాటలు చైతన్యుడి దారిలో నడిచే గౌడీయ సంప్రదాయంలో పెద్ద ప్రమాణం. కొవ్వూరులో రైలు దిగి గోదావరికి స్నానానికి వెళ్ళేవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో.

వీళ్ళందరికంటే నాకు ఆసక్తి కలిగించిన మనిషి ఏలిస్ కోల్‌ట్రేన్. డెట్రాయిట్‌లో పుట్టిన నల్లజాతి అమ్మాయి. చిన్నప్పట్నుంచీ చర్చిలో వాయించింది. తర్వాత జాజ్ పియానో, హార్ప్. భర్త జాన్ కోల్‌ట్రేన్, జాజ్‌లో ఆ పేరు మన ఘంటసాల పేరంత. 1967లో ఆయన పోయాడు. నలుగురు పిల్లలతో ఆవిడ లోపలికి లోపలికి వెళ్ళిపోయింది. సన్యాసం తీసుకుంది, తురీయసంగీతానంద అని పేరు పెట్టుకుంది, 1980ల్లో కాలిఫోర్నియాలో అగౌరా హిల్స్ కొండల మధ్య ఆశ్రమం పెట్టింది. ఆదివారం ఆదివారం భజన. ఆ భజనల్ని క్యాసెట్లుగా తీసి ఆశ్రమానికి వచ్చేవాళ్ళకే ఇచ్చేది, బజార్లో పెట్టలేదు. ఆవిడ 2007లో పోయాక, పదేళ్ళకి, వాటిలో కొన్ని బయటికొచ్చాయి.

అవి వినండి, యూట్యూబ్‌లో దొరుకుతాయి. మాటలు మనవే. రామ, కృష్ణ, గోవింద. కానీ చప్పట్లు పడే తీరు నల్లవాళ్ళ చర్చిది. ఎవరో వెనక నుంచి ఒక కేక వేస్తారు. ఆర్గాన్ మీద స్వరాలు జారుతుంటాయి. మొదట విన్నప్పుడు ఇదేం భజన అనిపించింది. నాలుగోసారికి మా ఊరి టైలరు హార్మోనియం వినపడింది. ముందొకరు అనడం, వెనక అందరూ అనడం నల్లవాళ్ళ చర్చికి తాతల నాటి ఆస్తి, బానిసత్వంలో పొలాల్లో పాడుకున్న పాటల నుంచి వచ్చింది. వాళ్ళకి మనమేమీ కొత్తగా నేర్పలేదు. వాళ్ళకున్న వంత, మనకున్న వంత ఎదురుపడ్డాయి. ఆ ఆశ్రమానికి తర్వాతి రోజుల్లో ‘సాయి అనంతం’ అని పేరు పెట్టింది ఆవిడ. ఆ సాయి మన పుట్టపర్తి సాయి. 2018లో కార్చిచ్చు వచ్చి ఆశ్రమం కాలిపోయింది.

పుట్టపర్తి అన్నాను కాబట్టి. ఆ బాబా మీద ఎవరి నమ్మకం వారిది, నేను ఆ తగువులోకి పోను. అమ్మని తీసుకుని ఒకసారి వెళ్ళాను. సాయంత్రం భజనకి ఆ పెద్ద హాల్లో, నా ముందు వరసలో అర్జెంటీనా నుంచి వచ్చినవాళ్ళు, మెడలో అందరికీ ఒకే రంగు కండువాలు. నా పక్కన కదిరి నుంచి వచ్చిన రైతు. ముందెవరో ఎత్తుకున్నారు. అర్జెంటీనావాళ్ళూ, రైతూ ఒకేసారి అందుకున్నారు. కదిరి ఆయన ఆ సంస్కృతం ముక్కలో ఒక్క మాటకి అర్థం చెప్పలేడు, వాళ్ళూ చెప్పలేరు. భక్తులు చెప్పుకునేదాని ప్రకారం ఇదంతా 1940 అక్టోబరు 20న ఉరవకొండలో మొదలైంది. పదమూడేళ్ళ కుర్రాడు బడి మానేసి వచ్చి ‘మానస భజరే గురుచరణం’ అని చుట్టూ చేరినవాళ్ళ చేత పాడించాడు. పాడి వినిపించలేదు, పాడించాడు. అక్కడే ఉంది కిటుకు.

బాబాయికి దీని మీద ఒక శాస్త్రం ఉంది. సంస్కృత శబ్దాల్లో తరంగాలున్నాయట, అవి మెదడు మీద పనిచేస్తాయట, నాసా వాళ్ళు కూడా ఒప్పుకున్నారట. నాసా పేరు లేకుండా ఈ మెసేజ్ ఒక్కసారైనా రాదు. పదిమందితో కలిసి అరగంట పాడితే ఊపిరి నెమ్మదిస్తుంది, నిజమే. దర్గాలో ఖవ్వాలీకీ నెమ్మదిస్తుంది, గురుద్వారాలో శబదుకీ నెమ్మదిస్తుంది, చర్చి పాటకీ నెమ్మదిస్తుంది. తరంగాలే కారణమైతే రికార్డు పెట్టుకుని వింటే సరిపోవాలి కదా. ఆ బస్సు డ్రైవరు రాత్రిపూట అంత దూరం ఎందుకు వస్తుంది?

పనిలో పని, ఆ యోగా కేంద్రాల్లో హార్మోనియాన్ని ప్రాచీన భారతీయ వాద్యం అనుకుంటారు. అది యూరపు సరుకు. 19వ శతాబ్దంలో దొరలతో వచ్చింది, కలకత్తాలో దాని కాళ్ళు తీసేసి, నేల మీద కూర్చుని చేత్తో ఊపుకునేట్టు మార్చారు. మన ఆలిండియా రేడియో 1940లో దాన్ని గెంటేసింది, మళ్ళీ గడప తొక్కడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. స్వరాన్ని ఊపి పలికించే గమకాలు పలకదని పండితుల అభ్యంతరం. పండితులది నిజమే. కానీ భజనకి కావాల్సింది గమకం కాదు, పదిమంది గొంతులు ఆనుకోవడానికి ఒక గోడ. నిద్రపోయిన టైలరు ఒక్క వేలితో కూడా ఆ గోడ నిలబెట్టాడు.

మరి చర్చిలోనూ దర్గాలోనూ ఉన్నదే అయితే భజనలో ప్రత్యేకత ఏముంది? ఉంది. భజన ముందు పాడమంటుంది, నమ్మకం సంగతి తర్వాత అడుగుతుంది, అడక్కపోవచ్చు కూడా. సంతకం లేదు, స్నానం చేయించడం లేదు, పేరు మార్చుకోనక్కర్లేదు. న్యూయార్క్ పార్కులో జుట్టు పెంచుకుని తిరిగే కుర్రాడికీ తాళాలు చేతికిచ్చారు.

ఇక్కడ బాబాయికి నచ్చని మాట ఒకటి అనాలి. ఆ గుమ్మం విదేశీయుడికి తెరిచినంత బార్లా మా ఊళ్ళో తెరవలేదు. ఏకాహం కాగితం మీద పొరుగూళ్ళ పేర్లన్నీ ఉండేవి, మా ఊరి మాలపల్లె భజన బృందం పేరు ఉండేది కాదు. వాళ్ళ రామమందిరం వాళ్ళకుండేది, వాళ్ళ మద్దెల దెబ్బ మా వాళ్ళ దానికంటే గట్టిగా ఉండేది. కాలవ అవతల నుంచి వినపడేది. తాతయ్య కూడా రెండు గంటల వంతుకి మనుషులు దొరక్క తిప్పలు పడ్డాడే గానీ కాలవ దాటి వెళ్ళి పిలవలేదు. రష్యాలో మంచులో పాడేవాళ్ళని చూసి మురిసిపోయేటప్పుడు నాకు ఆ కాలవ గుర్తొస్తుంది.

ఇంకో పక్క కూడా చెప్పకపోతే నాకే అన్యాయంగా ఉంటుంది. పేర్లు సముద్రం దాటాయి, మాటలు ఒడ్డునే మిగిలిపోయాయి. 17వ శతాబ్దంలో గోల్కొండ చెరసాలలో కంచర్ల గోపన్న పాడిన పాటలు చూడండి. రాముడికి లెక్క అప్పజెబుతాడు. నీ పెళ్ళానికి ఇంత పెట్టి పతకం చేయించాను, నీ తమ్ముడికి ఇంత పెట్టి నగ చేయించాను, ఎవరి సొమ్మనుకుని కులుకుతున్నావు అంటాడు. మళ్ళీ దెబ్బలకి ఓర్వలేక తిట్టాను, ఏమనుకోకు అంటాడు. దేవుడితో అంత చనువుగా తగువు పెట్టుకోవడం తెలుగు భక్తిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క. ఆ తగువుని దిండు మీద కూర్చుని పాడలేరు. దానికి భాష రావాలి, అప్పు తెచ్చినవాడి బాధ తెలియాలి. కాలిఫోర్నియాకి చేరిన రాముడు హాయి గొలిపే రాముడు. ఆయన్ని ఎవరూ డబ్బు లెక్క అడగరు.

మాటల కోసం కష్టపడినవాళ్ళు లేకపోలేదు. అమెరికా మనిషి జాన్ హిగ్గిన్స్ ఏళ్ళ తరబడి శిష్యరికం చేసి త్యాగయ్య కృతుల్ని తెలుగులో పాడి హిగ్గిన్స్ భాగవతార్ అనిపించుకున్నాడు. 1984లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. అలాంటివాడు తరానికొకడు. అది కచేరీ గుమ్మం, ఇరుకు. త్యాగయ్యకి ఆ సంగతి తెలిసే కాబోలు, పెద్ద కృతులతో పాటు భజన గోష్ఠికి పనికొచ్చే దివ్యనామ కీర్తనలు విడిగా రాసిపెట్టాడు.

అర్థం తెలియకుండా పాడటం మీద నాకున్న చులకన మారిషస్ తెలుగువాళ్ళ వల్ల పోయింది. 19వ శతాబ్దంలో చెరకుతోటల్లో కూలికి ఓడలెక్కినవాళ్ళ సంతతి. కోరంగి రేవు నుంచి వచ్చారని అక్కడ వాళ్ళకి కోరంగీలనే పేరు పడింది. ఇప్పుడు ఎక్కువమందికి ఇంట్లో మాట అక్కడి క్రియోల్ భాష. సింహాద్రి అప్పన్నని మాత్రం వదల్లేదు. దీపం పెట్టి, దాని చుట్టూ తిరుగుతూ రామభజనం చేస్తారు. పాటలు తెలుగువి. కొన్ని మాటలు అరిగిపోయి గుర్తుపట్టలేనట్టు అయ్యుంటాయి, నోటి నుంచి నోటికి నాలుగైదు తరాలు మారాక ఏం చేస్తాం. వాళ్ళు అర్థాన్ని పోగొట్టుకుని తిరగడాన్ని దాచుకున్నారు. దీపం చుట్టూ తిరిగేటప్పుడు ముందు నాన్న ఉన్నాడు, నాన్న ముందు తాత ఉన్నాడు. నేనూ తాతయ్య వెనకే అందుకున్నాను కదా, అర్థం తెలిసి కాదు.

అన్నమయ్య సంగతి దీనికి అద్దం. వేల కీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఒక గదిలో భద్రం చేశారు. రేకు మీద రాగం పేరుంది, పాట ఉంది. వరస లేదు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత, 20వ శతాబ్దంలో తీసి చదివితే, సాహిత్యం అక్షరం పోకుండా ఉంది, ఎలా పాడేవారో మాత్రం చెప్పేవాళ్ళు లేరు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి లాంటివాళ్ళు కూర్చుని కొత్తగా వరసలు కట్టాల్సొచ్చింది. అదే కాలంలో ఊరూరా అమ్మలు ఉయ్యాల ఊపుతూ పాడిన జోలపాటకి రేకు అవసరం పడలేదు. పదిమంది నోట్లో ఉన్నదానికి తాళం వేసిన గది అక్కర్లేదు.

అందుకే విదేశాల్లో వాళ్ళు మన పాట పాడేస్తున్నారని నాకు గర్వమూ లేదు, టికెట్టు పెట్టి అమ్ముతున్నారని కోపమూ లేదు. నా దిగులంతా ఇంటి దగ్గరే. ఇక్కడ భజన కాస్తా కార్యక్రమం అయిపోయింది. స్టేజీ, ఎల్ఈడీ తెర, ఊళ్ళోకి పిలిపించిన గాయకుడు, ముందు వరసలో దాతలకి సోఫాలు. మనం ఫోన్లెత్తి వీడియో తీస్తాం. హైదరాబాదులో కుర్రాళ్ళు ఈమధ్య క్లబ్బుల్లోలా లైట్లు పెట్టుకుని భజనలు పాడి, దాన్ని ‘భజన్ క్లబ్బింగ్’ అంటున్నారు. పెద్దవాళ్ళు మండిపడుతున్నారు గానీ నేను మండిపడను. నా పరీక్ష ఒక్కటే. స్టేజీ మీద మైకు పోతే పాట ఆగుతుందా, సాగుతుందా? సాగితే అది భజనే, లైట్లు ఏ రంగువైతే నాకేం.

రెండేళ్ళ కిందట ఏకాహానికి ఊరెళ్ళాను. పదింటి దాకా బాగానే నడిచింది. నిద్ర పట్టక మూడింటికి గుడికెళితే లోపల నామం వినపడుతోంది. శ్రుతి చక్కగా ఉంది, తాళం తప్పడం లేదు. ఎవరబ్బా ఇంత బాగా పాడుతున్నారని చూస్తే, అఖండ దీపం పక్కన స్టూలు మీద స్పీకరు, దానికి గుచ్చిన పెన్‌డ్రైవ్. కాపలా కుర్రాడు ప్లాస్టిక్ కుర్చీలో ఫోన్ చూసుకుంటున్నాడు. నామం తెగలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కాసేపు కూర్చుని అందుకుందామని చూశాను. కుదరలేదు. ముందు పాడేదీ అదే, వెనక వంతా అదే. మధ్యలో నేను దూరడానికి సందు లేదు.

ఇదొక్కటీ మొన్న ఫోన్లో బాబాయికి చెప్పగలిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. గుడి కమిటీలో ఆయన ఉన్నాడు. పెన్‌డ్రైవ్ కొన్నదీ ఆయనే.

“మనుషులేర్రా? ఒకడు హైదరాబాదు, ఒకడు డాలస్. రాత్రి రెండింటికి ఎవడొస్తాడు, నువ్వొస్తావా?”

“వస్తాను.”

“నీకు గొంతెక్కడిది? మా నాన్న గొంతే వచ్చింది నీకూ.”

“కాలవ అవతల వాళ్ళని కూడా అడుగు బాబాయ్. వాళ్ళకి మద్దెల బాగా వచ్చు.”

చూద్దాంలే అన్నాడు, పెట్టేశాడు. నిన్న పొద్దున గ్రూపులో ఫొటో వచ్చింది. గుడి స్తంభం మీద వంతుల కాగితం, ఆయన చేతిరాత. రెండు నుంచి నాలుగు దగ్గర నా పేరు, దాని కింద బాబాయి పేరు, దాని కింద నేనెరగని రెండు పేర్లు. ఫొటో కింద ఒక్క ముక్క రాశాడు.

“స్వెట్టర్ తెచ్చుకో.”